స్పానిష్ మాటలో ఊనిక ఎక్కడ, గీత ఎందుకు?

స్పానిష్ నేర్చుకుంటున్న పాఠకుల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారివి అయిదింటిని ఈసారి ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను, ఎందుకంటే అయిదుగురూ అడిగింది చుట్టూ తిరిగి ఒకే విషయం: మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలి (ఆ నొక్కునే ఊనిక అంటాను), దాన్ని చూపడానికి అచ్చు నెత్తిన గీత ఎప్పుడు పెట్టాలి అని. జవాబులకు ముందు ఒక ఒప్పందం చేసుకుందాం. తెలుగులో ‘అక్షరం’ అనే మాటను వర్ణమాలలోని గుర్తుకూ వాడతాం, ఒక్క ఊపులో పలికే ధ్వనికీ వాడతాం. ఇక్కడ మాత్రం మొదటిదాన్ని వర్ణమనీ, రెండోదాన్ని అక్షరమనీ అంటాను. స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే, అక్షరాల మధ్య అడ్డగీత పెట్టి రాస్తాను. అచ్చులన్నింటినీ హ్రస్వాలుగానే రాస్తాను. ‘క-మి-నొ’ (దారి) అని హ్రస్వ ఒకారంతో ముగిసే మాట తెలుగు కంటికి ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు. అయినా కావాలనే అలా రాస్తున్నాను, కారణం మొదటి జవాబులోనే కనిపిస్తుంది.

ప్రశ్న: అయ్యా, మాది సోంపేట దగ్గర పల్లె. నేను సరకు ఓడ మీద పని చేస్తున్నాను. మాతో కొలంబియా, పెరూ దేశాల వాళ్లున్నారు కాబట్టి ఫోన్‌లో చూసి స్పానిష్ నేర్చుకుంటున్నాను. ఒకరోజు భోజనాల దగ్గర మా నాన్నకు ఒంట్లో బాగాలేదని వాళ్ల భాషలో చెబితే బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ‘పాప’ అన్నాను, అందులో తప్పేమిటో తర్వాత చెప్పారు గానీ, ఏ మాటలో ఎక్కడ నొక్కాలో ముందే తెలిసే దారి ఉందా?

జవాబు: వాళ్లు విన్నది ‘మా బంగాళదుంపకు జబ్బు చేసింది’ అని. ‘ప-ప’ అనే మాటలో మొదటి అక్షరాన్ని నొక్కితే లాటిన్ అమెరికాలో బంగాళదుంప, రెండో అక్షరాన్ని నొక్కితే నాన్న. మొదటిదానికి పోప్ అనే అర్థం కూడా ఉంది కాబట్టి, రోమ్‌లో ఉన్న పెద్దాయనకు బాగాలేదన్న కబురుగా తీసుకున్నవారు కూడా ఆ బల్ల దగ్గర ఉండి ఉండవచ్చు. రాతలో ఈ గందరగోళం లేదు. నాన్న అనే మాటలో చివరి అకారం మీద, కింద ఎడమవైపు నుంచి పైన కుడివైపుకు లేచే చిన్న గీత ఉంటుంది. దాన్ని స్పానిష్ వారు ‘తిల్-దె’ అంటారు. మీరు గీతను చూసి ఉంటారు గానీ, అది అలంకారమనుకుని దాటిపోయి ఉంటారు. మనలో చాలామంది చేసే పనే అది.

ఈ పొరపాటుకు వేరు మన భాషలోనే ఉంది. తెలుగులో మాట అర్థాన్ని మార్చేది అచ్చు నిడివి. ‘పడి’ వేరు, ‘పాడి’ వేరు. ‘విడు’ వేరు, ‘వీడు’ వేరు. ఏ అక్షరాన్ని గట్టిగా పలికినా ‘పడి’ మాత్రం ‘పడి’గానే ఉంటుంది. స్పానిష్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ హ్రస్వదీర్ఘాలు లెక్కలోకి రావు, ఊనిక ఎక్కడ పడిందన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల మన చెవి ఊనికను విన్నప్పుడల్లా దాన్ని దీర్ఘంగా లెక్కగట్టుకుంటుంది, మన చెయ్యి దాన్ని దీర్ఘంగా రాసుకుంటుంది. ‘పాప’, ‘పపా’ వంటి మాటల్లో ఆ పద్ధతి కొంతవరకు నడుస్తుంది. అది చెడేది ఒకారం దగ్గర. తెలుగులో పరభాషా పదం చివర ఒకారం వస్తే అలవాటుగా ఓకారం చేసేస్తాం. మీ ఓడ రేవుకు చేరే సందర్భమే తీసుకోండి. ‘యె-గొ’ అనే క్రియలో మొదటి అక్షరాన్ని నొక్కితే ‘నేను చేరుతున్నాను’, చివరి అక్షరాన్ని నొక్కితే ‘చేరింది’ లేదా ‘చేరాడు’. మన నోట్‌బుక్‌లో రెండూ ‘యెగో’ అనే పడతాయి. చదివేటప్పుడు ఆ ఓకారాన్ని సాగదీస్తాం, అంటే చేరబోయే మనిషి ఎప్పుడో చేరిపోయినట్టవుతుంది. నేను చివర హ్రస్వమే రాస్తానని పట్టుపట్టింది ఇందుకే. ఊనిక ఉన్న అక్షరాన్ని సాగదీయకండి, గొంతును కాస్త పైకెత్తి కొంచెం బలంగా పలకండి. నిడివి కూడా కొద్దిగా పెరుగుతుంది గానీ అది మన దీర్ఘమంత ఉండదు.

ఇక మీరడిగిన దారి సంగతి. దారి ఉంది, అది మాట చివరి నుంచి మొదలవుతుంది. మాట అచ్చుతో గానీ, న్ అనే హల్లుతో గానీ, స్ అనే హల్లుతో గానీ ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ‘క-స’ (ఇల్లు), ‘మె-స’ (బల్ల), ‘వెన్-త-న’ (కిటికీ), ‘లు-నెస్’ (సోమవారం) అలాంటివి. మరే హల్లుతో ముగిసినా ఊనిక చివరి అక్షరం మీదే పడుతుంది. ‘ప-పెల్’ (కాగితం), ‘స్యు-దద్’ (నగరం), ‘మ-ద్రిద్’, ‘రె-లొహ్’ (గడియారం) ఆ కోవలోవి. ఈ రెండు వాక్యాలకు లోబడి నడిచే మాటకు గీత ఉండదు, ఎందుకంటే చదివేవాడికి ఊనిక ఎక్కడో ముందే తెలుసు. వాటిని ధిక్కరించే మాట మీద మాత్రం, ఊనిక పడే అచ్చు నెత్తిన గీత పెడతారు. ‘క-ఫె’ అచ్చుతో ముగిసినా ఊనిక చివరిదాని మీద ఉంది కాబట్టి ఎకారం మీద గీత. ‘అర్-బొల్’ (చెట్టు) ల్‌తో ముగిసినా ఊనిక మొదటిదాని మీద ఉంది కాబట్టి అకారం మీద గీత. ఊనిక చివరి నుంచి మూడో అక్షరం మీదకు వెళ్లిందంటే ఏ సూత్రానికీ లోబడలేదన్నమాటే, కనుక అక్కడ గీత తప్పనిసరి. ‘మె-ది-కొ’ (వైద్యుడు), ‘స-బ-దొ’ (శనివారం), ‘మె-హి-కొ’ (మనం మెక్సికో అనే దేశం), ఈ మూడింటికీ మొదటి అచ్చు మీదే గీత ఉంటుంది. ఇలాంటి మాటలను ‘ఎస్-ద్రు-హు-ల’ అంటారు. ఆ పేరులో కూడా ఊనిక చివరి నుంచి మూడోదాని మీదే, అంటే ‘ద్రు’ మీద పడడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

అన్ని హల్లుల్లోనూ న్, స్ రెండింటికే అచ్చులతో సమాన హోదా ఎందుకని మీరు అడగవచ్చు. స్పానిష్‌లో నామవాచకానికి బహువచనం స్ చేర్చితే వస్తుంది, క్రియకు ‘వాళ్లు’ అనే అర్థం న్ చేర్చితే వస్తుంది. ‘క-స’ ఇల్లయితే ‘క-సస్’ ఇళ్లు. ‘అబ్-ల’ అంటే మాట్లాడతాడు, ‘అబ్-లన్’ అంటే మాట్లాడతారు. ఈ తోకలు తగిలినంత మాత్రాన ఊనిక జరగదు. ఆ రెండు హల్లులనూ సూత్రంలో అచ్చుల సరసన కూర్చోబెట్టకపోతే ప్రతి రెండో మాట మీదా గీత పెట్టాల్సి వచ్చేది.

మీరు ఓడ మీద ఉన్నారు కాబట్టి మరొక్క మాట. మీరు దాటే కాలువ ఉన్న దేశం ఇంగ్లీషు నోట ఎలా పలికినా, స్పానిష్‌లో ‘ప-న-మ’, ఊనిక చివరి ‘మ’ మీద, అక్కడే గీత. మీ స్నేహితుల దేశాల్లో ‘పె-రు’కూ చివరే గీత ఉంది. ‘కొ-లొమ్-బ్య’కు గీత లేదు, నొక్కాల్సింది ‘లొమ్’. మనం రాసే కొలంబియాలో నాలుగు అక్షరాలుంటే వాళ్ల మాటలో మూడే ఉన్నాయి. ఆ నాలుగోది ఎక్కడికి పోయిందో బొబ్బిలి మాస్టారి ప్రశ్నలో తేలుతుంది.

ప్రశ్న: నేను బొబ్బిలిలో పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. మా మనవరాలు ఆన్‌లైన్‌లో స్పానిష్ పాఠాలు వింటుంటే పక్కన కూర్చుని నేనూ వింటున్నాను. సంయుక్తాక్షరానికి ముందున్నది, పొల్లుతో కూడినది గురువు కదా, ఊనిక ఆ గురువు మీద పడుతుందని నేనంటే అమ్మాయి ఒప్పుకోవడం లేదు. రెండో సందేహం, రెండు అచ్చులు పక్కపక్కన వచ్చినప్పుడు అక్షరాలు ఎన్నని లెక్కపెట్టాలి?

జవాబు: మాస్టారూ, నేటి స్పానిష్ వరకు మీ మనవరాలిదే పైచేయి. పైన చెప్పిన ‘వెన్-త-న’ మన లెక్కలో భగణం, గురువు మొదట ఉంది. ఊనిక మాత్రం లఘువైన ‘త’ మీద ఉంది. ‘క-మి-నొ’ మూడూ లఘువులే, నగణం. ఊనిక నడిమి లఘువు మీద పడింది. కాబట్టి గురులఘువులు చూసి ఊనికను పట్టలేం.

అయితే మీ ఊహ పూర్తిగా గురి తప్పలేదు, రెండు వేల ఏళ్లు ఆలస్యమైందంతే. స్పానిష్‌కు తల్లి అయిన లాటిన్‌లో సరిగ్గా మీరన్న పద్ధతే నడిచింది. మూడు, అంతకు మించిన అక్షరాలున్న లాటిన్ మాటలో చివరి నుంచి రెండోది గురువైతే ఊనిక దాని మీద, లఘువైతే దానికి ముందున్న దాని మీద పడేది. స్నేహితుడు అనే అర్థమున్న ‘అమీకుస్’లో నడిమి అచ్చు దీర్ఘం కాబట్టి ఊనిక దాని మీద ఉండేది. వైద్యుడు అనే అర్థమున్న ‘మెదికుస్’లో నడిమిది హ్రస్వం కాబట్టి ఊనిక మొదటిదాని మీదకు జరిగింది. కాలక్రమంలో అచ్చుల్లో హ్రస్వదీర్ఘ భేదం పోయింది, ఊనిక మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. అందుకే నేటి ‘అ-మి-గొ’లో అది నడుమ ఉంది, ‘మె-ది-కొ’లో మొదట ఉంది. రెండూ చూడడానికి ఒక్కలాంటి లఘువులే అయినప్పుడు తేడా తెలిసేది ఎలా? ‘మె-ది-కొ’కు గీత పెట్టి తెలిపారు. గురువు పోయి గీత మిగిలిందని మీ మనవరాలితో అనవచ్చు.

రెండో సందేహానికి మీ చేతిలోనే జవాబుంది. యణాదేశ సంధి గుర్తుచేసుకోండి. ఇకార ఉకారాలకు అసవర్ణాచ్చు పరమైతే య, వ లు వస్తాయి. అతి, అంత కలిసి అత్యంత అవుతుంది; సు, ఆగతం కలిసి స్వాగతం అవుతుంది. సంధికి ముందు అతి, అంత అనే రెండు మాటల్లోనూ నాలుగు అక్షరాలుంటే, సంధి తర్వాత మూడే మిగులుతాయి. ఊనిక లేని ఇకార ఉకారాలు మరో అచ్చు పక్కన పడినప్పుడు స్పానిష్ నోరు చేసేదీ అదే. రాతలో అచ్చులు రెండూ విడివిడిగానే కనిపిస్తాయి గానీ పలుకులో ఒకే అక్షరం. కాబట్టి కుటుంబమనే మాట ‘ఫ-మి-ల్య’, మూడే అక్షరాలు. అచ్చుతో ముగిసింది కనుక ఊనిక చివరి నుంచి రెండోదైన ‘మి’ మీద, గీత అక్కర్లేదు. నీరు అనే మాట ‘అ-గ్వ’, చరిత్ర అనే మాట ‘ఇస్-తొ-ర్య’. కొలంబియా నాలుగో అక్షరం పోయింది ఈ యకారంలోకే.

ఆ ఇకారం మీద గానీ, ఉకారం మీద గానీ ఊనిక పడి, పక్కన అ, ఎ, ఒ లలో ఒకటి ఉంటే మాత్రం సంధి జరగదు. అచ్చులు రెండూ విడిపోయి రెండు అక్షరాలవుతాయి. విడిపోయాయని చెప్పడానికి గీత పెట్టి తీరాలి. ‘మ-రి-అ’ అనే ఆడవారి పేరులో ఇకారం మీద గీత ఉన్నది అందుకే. దీనికి నేను ఎప్పుడూ చూపే జంట ఒకటుంది. ‘సె-ర్య’ అంటే గంభీరమైనది, రెండు అక్షరాలు, గీత లేదు. అవే వర్ణాలు రాసి ఇకారం మీద గీత పెడితే ‘సె-రి-అ’, మూడు అక్షరాలు, అర్థం ‘అయి ఉండేది’. ఒక్క గీత విశేషణాన్ని క్రియగా మార్చింది.

ఇక్కడ పిల్లలు తడబడే చోటు ఒకటుంది, మనవరాలికి చెప్పండి. మీ చుట్టుపక్కల చేలల్లో వేసే మొక్కజొన్నను స్పానిష్‌లో ‘మ-ఇస్’ అంటారు. రాతలో ఆ మాట జెడ్ అనే వర్ణంతో ముగుస్తుంది, ఎస్‌తో కాదు. జెడ్ ‘మరే హల్లు’ కోవలోది కాబట్టి ఊనిక చివరి అక్షరం మీద సహజంగానే పడాలి, అలాగే పడింది కూడా. ఆ లెక్కన గీత అక్కర్లేదు. అయినా ఇకారం మీద గీత ఉంది, ఎందుకంటే అది లేకపోతే అకార ఇకారాలు కలిసిపోయి మాట ఒక్క అక్షరమైపోతుంది. అచ్చులను విడగొట్టే గీతకు మొదటి సూత్రంతో పని లేదు, అది ఎప్పుడూ ఉండాల్సిందే. రాతలో నడుమ పలకని హెచ్ ఉన్నా ఈ లెక్క మారదు. ‘ప్రొ-ఇ-బె’ (నిషేధిస్తుంది) అనే మాటలో ఒకార ఇకారాల మధ్య ఒక మూగ హెచ్ ఉంది, అయినా గీత పడుతుంది. అ, ఎ, ఒ లలో రెండు పక్కపక్కన వస్తే మటుకు ఎప్పుడూ వేర్వేరు అక్షరాలే. ‘తె-అ-త్రొ’ (నాటకశాల) మూడక్షరాల మాట.

ప్రశ్న: విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. యువకుడు అనే మాటకు గీత పెడితే మా టీచర్ కొట్టేశారు. యువకులు అనే మాటకు పెట్టకపోతే అదీ తప్పన్నారు. పాట అనే మాటకు ఏకవచనంలో గీత ఉండి బహువచనంలో లేదు. ఇందులో పద్ధతేమైనా ఉందా?

జవాబు: ఉంది, మీ టీచర్ రెండుసార్లూ సరిగ్గానే దిద్దారు. మాట పెరిగినప్పుడు ఊనిక కదలదు, చివరి నుంచి దాని దూరం మాత్రం మారుతుంది. ‘హొ-బెన్’ న్‌తో ముగిసింది, ఊనిక ‘హొ’ మీద. సూత్రం చెప్పినట్టే ఉంది కనుక గీత వద్దు. బహువచనంలో ‘హొ-బె-నెస్’. ఊనిక ఆ ‘హొ’ మీదే ఉంది గానీ, ఇప్పుడది చివరి నుంచి మూడోది కాబట్టి గీత వచ్చింది. ‘కన్-స్యొన్’ (పాట) న్‌తో ముగిసినా ఊనిక చివరిదాని మీద ఉంది, కనుక గీత. ‘కన్-స్యొ-నెస్’ అనగానే అదే అక్షరం చివరి నుంచి రెండోదై సూత్రంలో ఒదిగిపోయింది, గీత పోయింది. ఆజ్ఞార్థక క్రియల తోకకు సర్వనామాలు అంటుకున్నప్పుడూ ఇదే కథ. ‘కొమ్-ప్ర’ (కొను) గీత లేని మాట. ‘దాన్ని’ అనే అర్థంలో ‘లొ’ చేర్చి ‘కొమ్-ప్ర-లొ’ అంటే మొదటి అచ్చుకు గీత కావాలి.

ఊనిక నిజంగానే కదిలే మాటలు ఏవో కొన్నే ఉన్నాయి. స్వభావం అనే అర్థమున్న ‘క-రక్-తెర్’లో అది నడిమి అక్షరం మీద, గీతతో ఉంటుంది. బహువచనం ‘క-రక్-తె-రెస్’లో ఒక మెట్టు ముందుకు, ‘తె’ మీదకు జరుగుతుంది, గీత పోతుంది. ఇలాంటివాటిని బట్టీ పట్టడమే, వేరే మార్గం లేదు.

ప్రశ్న: పలాస నుంచి రాస్తున్నాను. నువ్వు అనే మాటకూ నీ అనే మాటకూ స్పానిష్‌లో పలుకు ఒకటే, ‘తు’. ఒకదానికి గీత ఉంది, రెండోదానికి లేదు. ఒకే అక్షరమున్న మాటలో ఊనిక ఎక్కడని అడిగే పనే లేదు కదా, మరి గీత దేనికి?

జవాబు: ఒంటి అక్షరం మాటలకు గీత ఉండదన్నది సాధారణ నియమమే. మీరు చూసింది జంటలను వేరుచేయడానికి పెట్టిన కొద్దిపాటి మినహాయింపు. గీత ఉన్న ‘తు’ అంటే నువ్వు, లేనిది నీ. గీత ఉన్న ‘ఎల్’ అంటే అతడు, లేనిది ఇంగ్లీషు ‘ది’లాగా నామవాచకం ముందు వచ్చే ఉపపదం. ‘సి’కి గీత పెడితే అవును, తీసేస్తే ఒకవేళ. ‘తె’కు గీత పెడితే మనం తాగే టీ, లేకపోతే నిన్ను లేదా నీకు. ఇవి పూర్తిగా కంటికోసమే పెట్టినవి కూడా కావు. వాక్యంలో వినండి, గీత ఉన్న మాట ఊనికతో నిలబడుతుంది, లేనిది పక్కమాటకు అంటుకుని తేలిగ్గా జారిపోతుంది. ‘ఎక్కడ’, ‘ఏమిటి’, ‘ఎలా’, ‘ఎప్పుడు’ వంటి ప్రశ్నార్థకాలకు గీత రావడానికీ ఇదే ఆధారం. ‘దొన్-దె’ ప్రశ్నలో వస్తే ఎక్కడ, దానికి గీత కావాలి. ‘నేను పుట్టిన ఊరు’ అనే చోట ఆ ‘-ఇన’ చేసే పనిని అదే ‘దొన్-దె’ చేస్తే గీత అక్కర్లేదు. ‘అతను ఎక్కడుంటాడో నాకు తెలియదు’ అనే వాక్యంలో ప్రశ్న గుర్తు లేకపోయినా లోపల ప్రశ్న ఉంది కాబట్టి గీత పెట్టాలి.

ఒక హెచ్చరిక. ‘మి’కి గీత పెడితే ‘నన్ను, నాకు’ అని, లేకపోతే ‘నా’ అని నేర్చుకున్నవారు, ఆ ఊపులో ‘తి’ (నిన్ను, నీకు) అనే మాటకు కూడా గీత పెట్టేస్తారు. దానికి జంట లేదు, కాబట్టి గీత లేదు.

మీ ఉత్తరం చివర ‘సొ-లొ’ సంగతి కూడా అడిగారు. ‘మాత్రమే’ అన్నప్పుడు గీత, ‘ఒంటరి’ అన్నప్పుడు గీత లేకుండా రాయాలని పాత పుస్తకాల్లో ఉంటుంది. 1713లో ఏర్పడిన స్పానిష్ రాజ అకాడమీ, ఇతర దేశాల అకాడమీలతో కలిసి 2010లో తెచ్చిన వర్ణక్రమ గ్రంథంలో ఆ గీత అవసరం లేదంది. చాలామంది రచయితలు ఆ మాట వినలేదు. చివరికి 2023లో, రెండర్థాలు వచ్చే ప్రమాదం ఉందని రాసేవారికి అనిపిస్తే పెట్టుకోవచ్చని అకాడమీ స్పష్టం చేసింది. మీరు పరీక్ష కోసం చదువుతున్నట్టయితే గీత లేకుండా రాయడమే క్షేమం.

ప్రశ్న: రాజాం నుంచి. ఒక దరఖాస్తు స్పానిష్‌లో పూర్తి చేయాలి. అన్నీ పెద్ద అక్షరాల్లో రాయమన్నారు. పెద్ద అక్షరాలకు గీతలు ఉండవని ఎక్కడో చదివాను. అసలు ఫోన్‌లో ఈ గీతలు ఎలా కొట్టాలి?

జవాబు: ఉండవన్నది ఒట్టి అపోహ, పెద్ద వర్ణాలకూ గీత పెట్టాల్సిందే. ఫోన్ కీబోర్డులో ఆ అచ్చును కాసేపు నొక్కి పట్టుకుంటే పైన చిన్న పట్టీలో రకరకాల గుర్తులతో అదే వర్ణం కనిపిస్తుంది. కుడివైపుకు లేచే గీత ఉన్నదాన్ని ఎంచుకోండి, ఎడమవైపుకు వాలినది స్పానిష్‌ది కాదు. ఉకారం మీద కనిపించే రెండు చుక్కలు మాత్రం స్పానిష్‌కు కావాలి, అవి ఊనికకు సంబంధించినవి కావు. ‘పిన్-గ్వి-నొ’ (పెంగ్విన్) వంటి మాటల్లో గకారం తర్వాతి ఉకారాన్ని మింగకుండా పలకమని అవి చెబుతాయి. అలాగే ఎన్ అనే వర్ణాన్ని నొక్కి పట్టుకుంటే, నెత్తిన చిన్న అల ఉన్న ఎన్ వస్తుంది. అదీ ఊనిక గుర్తు కాదు, స్పానిష్ వర్ణమాలలో అదొక ప్రత్యేక వర్ణం, పలుకు మన ‘ఞ’కు దగ్గర. ఏళ్లు అనే మాటలో అది వస్తుంది. అల లేకుండా రాస్తే ఆ మాటకు, మర్యాద గల పత్రికలో అచ్చు వేయలేని ఒక శరీరభాగం అర్థమవుతుంది కాబట్టి, మీ దరఖాస్తులో వయసు రాసే గడి దగ్గరకు వచ్చినప్పుడు ఆ అలను ఒకటికి రెండుసార్లు చూసుకోండి.